జర్మనీకి రిపేర్‌కి పంపిన రికార్డర్: 81 రోజులు, 69 వేల డ్యూటీ, ఒక కొరియర్ సర్వీస్ రివ్యూ

హనుమకొండ, వరంగల్, కాజీపేట, ఇటు జనగామ, అటు కరీంనగర్ దిక్కు ఉన్నోళ్ళు ఎవరన్న కెమెరానో మైకో మిక్సరో బయటి దేశానికి రిపేర్‌కి పంపాలనుకుంటే, బుక్ చేసేముందు ఇది జర ఓపికగ చదువుండ్రి. పెద్దగనే ఉంటది, నాకు పడ్డ దెబ్బ పెద్దది కాబట్టి, ఇంకొకరికి పడొద్దనే కూసొని రాస్తున్న. నేను రివ్యూ రాసేది హనుమకొండల ఒక ఇంటర్నేషనల్ కొరియర్ బుకింగ్ సర్వీస్ గురించి. పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క షాపు రోగం కాదు, తర్వాత నేను తిరిగి అడిగిన నాలుగు షాపులల్ల మూడింట్ల ఇదే తీరు ఉన్నది. రేటింగ్ అంటే 5కి 1. ఆ ఒక్కటి కూడ సామాను మీద గీత పడకుండ తెచ్చి ఇచ్చినందుకు.

నాది చిన్న రికార్డింగ్ స్టూడియో. జానపదాలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు చేస్త. ఒగ్గు కథ అంటే స్టూడియోల ఏసీ కింద కూసోబెట్టి చెప్పియ్యమంటే చెప్పేటోళ్ళకే ఊపు రాదు, డోలు మోగాలె, ముందట జనం ఉండాలె, పొద్దుమీకి మొదలైతే తెల్లారుదాక నడవాలె. అందుకే ఊర్లల్లకు తీసుకపోయేతందుకు 2021ల ఒక ఫీల్డ్ రికార్డర్ కొన్న, జర్మనీ కంపెనీది, లక్షా 62 వేలు, కిస్తీల మీద. మూడేండ్లు కంటికి రెప్పలెక్క చూసుకున్న.

2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు తీసుకపోయిన, 21 నుంచి 24 దాకా అక్కడనే ఉన్న. రెండో రోజు, 22 సాయంత్రం, సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి తీసుకొచ్చేటప్పుడు ఎస్పీ గాల్లోకి తుపాకి పేలుస్తరు కదా, ఆ చప్పుడు వెంటనే జనం ఒక్కసారి లేస్తరు, శివసత్తుల అరుపులు, డోళ్ళు, ఎదురుకోళ్ళు, ఆ ఒక్క సౌండు కోసం రెండేండ్లు ఆగిన నేను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్న. ఎడమ చెవుల తుపాకి పేలింది, కుడి చెవుల ఏం లేదు. మొదట కొంచెం చిటపటమన్నది, తర్వాత మొత్తం నిశ్శబ్దం. ఇన్‌పుట్ బోర్డు పోయింది. జాతర దుమ్ము ఎంత సన్నగ ఉంటదో పోయొచ్చినోళ్ళకు తెలుసు, గుడ్డల సుట్టినా లోపలికి పోతది.

హైదరాబాద్ల ఇద్దరు మెకానిక్‌లకు చూపిచ్చిన, ఇద్దరూ ఒక్కటే మాట అన్నరు, ఆ బోర్డు కంపెనీ వాళ్ళు బయట అమ్మరు, వాళ్ళ దగ్గరికే పంపాలె అని. కంపెనీకి మెయిల్ పెట్టిన, రెండు రోజులల్ల జవాబు వచ్చింది, ఒక ఆర్ఎంఏ నంబర్, అంటే రిపేర్‌కి పంపుమని కంపెనీ ఇచ్చే అనుమతి నంబర్, ఇచ్చి డబ్బా మీద పెద్దగ రాయమన్నరు, బ్యాటరీ తీసేసి పంపమన్నరు, కాగితాలల్ల రిపేర్ చేసి తిరిగి పంపేతందుకు అని స్పష్టంగ రాయమన్నరు. ఈ మూడు మాటలు ప్రింట్ తీసి బుకింగ్ షాపుకు పట్టుకపోయిన. 2024 మార్చి 11.

కౌంటర్ మీద పిలగాడు మర్యాదగనే మాట్లాడిండు. ఏం సామాను సార్ అన్నడు, ఆడియో రికార్డర్, రిపేర్‌కి పోతున్నది అని చెప్పి ఆ ప్రింట్ ఇచ్చిన. అతను దాన్ని పక్కన పెట్టి కంప్యూటర్ల టైప్ చేసుకుంట పోయిండు, యూజ్డ్ ఎలక్ట్రానిక్ ఐటమ్, ఒక పీసు, నో కమర్షియల్ వాల్యూ. విలువ కాడ 5,000 కొట్టిండు. అది లక్షన్నర సామాను తమ్ముడూ అన్న. ఎక్కువ పెడితే అక్కడ ట్యాక్స్ పడతది సార్, మేం అందరికి గిట్లనే పెడ్తం, ఏం కాదు అన్నడు. నేను సరే అన్న. ఆ రోజు నేను అన్న ఆ ఒక్క సరేకి తర్వాత 50 వేలు ఎక్కువ కట్టిన. సీరియల్ నంబర్ అడగలే, ఇది మల్ల ఇండియాకు తిరిగొస్తదా అని అడగలే, షిప్పింగ్ బిల్లు, అంటే సామాను దేశం దాటేటప్పుడు కస్టమ్స్‌కి పెట్టే కాగితం, అది ఏ రకంది అనే మాటే రాలే. వాళ్ళకు అది గిఫ్టు డబ్బా, అమెరికాల బిడ్డకు పంపే ఆవకాయ డబ్బా లెక్క ఒకటే దారిల పోయింది. ఇంకో సంగతి, విలువ 5,000 అని రాస్తే నడుమ డబ్బా పోయినా మనకొచ్చేది ఆ 5,000 లెక్కనే, లక్షన్నర కాదు.

బ్యాటరీ గురించి కూడ అడగలే. నేను బయట పెట్టే బ్యాటరీ తీసేసిన గానీ రికార్డర్ లోపల ఇంకో చిన్న లిథియం బ్యాటరీ ఉన్నది, అది కంపెనీ వాళ్ళు కూడ చెప్పలేదు, నాకూ తట్టలే. హైదరాబాద్ల స్కానింగ్‌ల పట్టుకున్నరు, డబ్బా ఆరు రోజులు ఆగి వాపస్ వచ్చింది, మల్ల బుకింగ్, మల్ల కిరాయి తేడా కట్టుడు. లిథియం బ్యాటరీ విడిగ పాసింజర్ విమానంల కార్గో కింద అసలు పోనియ్యరు, 2016 నుంచి ఆ రూలు ఉన్నది, సామాను లోపల బిగించి ఉంటే వేరే లెక్క, దానికి వేరే డిక్లరేషన్ ఉంటది, ఉబ్బిన బ్యాటరీ, దెబ్బ తిన్న బ్యాటరీ అయితే ఏ విమానమూ ఎక్కనియ్యరు. ఇవి రోజూ పార్శిళ్ళు పంపే షాపోళ్ళకు తెలువాలె. రిపేర్‌కి పోయే సామానుల సగం వాటిల్ల బ్యాటరీ ఉంటది, మొదటి ప్రశ్న అదే అడగాలె.

ఏప్రిల్ 2కు జర్మనీ చేరింది. అక్కడి కస్టమ్స్ కూడ ఒకసారి ఆపి కంపెనీని అడిగిందట, కాగితం మీద 5,000 రూపాయల పాత సామాను అని ఉన్నది, మీ వెబ్‌సైట్ల దీని ధర ఇంత ఉన్నది, ఏంది కథ అని. కంపెనీ వాళ్ళే ఆర్ఎంఏ చూపిచ్చి విడిపిచ్చుకున్నరు. అక్కడ ట్యాక్స్ పడుతదని మన పిలగాడు భయపడ్డ దానికి వాళ్ళ దగ్గర వేరే పద్ధతి ఉన్నది, రిపేర్‌కి వచ్చి మల్ల బయటికి పోయే సామాను మీద సుంకం పడకుండ లోపలికి తెచ్చుకునే ఏర్పాటు యూరప్ కస్టమ్స్‌ల ఉంటది, కాగితం సరిగ్గ ఉంటేనే అది పనిచేస్తది. అంటే విలువ తక్కువ రాసి మనం మిగిలిచ్చింది ఏం లేదు.

సర్వీస్ సెంటర్‌కి మాత్రం 5కి 5 ఇస్త, మనసుల నుంచి. తొమ్మిది రోజులల్ల బోర్డు మార్చిన్రు, బిల్లు 286 యూరోలు, అందుల పార్టు ఎంత, లేబర్ ఎంత విడివిడిగ రాసిన్రు. తీసేసిన పాత బోర్డును చిన్న ప్లాస్టిక్ సంచిల పెట్టి పంపిన్రు, కాంటాక్టుల నడుమ ఎర్రటి దుమ్ము అట్లనే ఉన్నది, ఆ పక్కన టెక్నీషియన్ పెన్నుతోటి బాణం గుర్తు గీసి పెట్టిండు, ఇదిగో ఇక్కడ షార్ట్ అయ్యింది అన్నట్టు. మేడారం దుమ్ము జర్మనీ దాక పోయి వాపస్ వచ్చింది. ఆ సంచి ఇప్పటికీ నా టేబుల్ డ్రాయర్ల ఉన్నది.

ఏప్రిల్ 24న అక్కడ బయలుదేరింది, 29కి ఢిల్లీకి వచ్చింది. ఇగ అక్కడ కూసున్నది.

మొదట కేవైసీ అన్నరు, ఆధార్ అప్‌లోడ్ చేసిన. రెండు రోజులకు మల్ల అదే మెసేజ్, మల్ల చేసిన. మూడోసారి ఫోన్ చేస్తే పాన్ కూడ కావాలె అన్నరు. కాల్ సెంటర్ల ఒక్కోసారి ఒక్కొక్కరు ఎత్తుతరు, కథ మొదటి నుంచి చెప్పాలె, వాళ్ళు టికెట్ నంబర్ ఇస్తరు, 48 గంటలు అంటరు, 48 గంటలయినంక టికెట్ క్లోజ్ అయ్యింది అని మెసేజ్ వస్తది, పని మాత్రం కాదు. బుకింగ్ షాపుకు పోతే మాది పంపుడు వరకే సార్, వచ్చేటిది కంపెనీ చూసుకుంటది అన్నరు. తొమ్మిదో రోజు డ్యూటీ లెక్క మెయిల్ వచ్చింది. 69,457 రూపాయలు.

నేను లెక్క తప్పు పడ్డదనుకున్న. ఒక సున్నా ఎక్కువ పడ్డదేమో అని రెండు సార్లు చూసిన. తప్పు కాదు. సామాను మొత్తం విలువ, కిరాయి, అన్నీ కలిపి 1,58,000 కట్టిన్రు, దాని మీద బేసిక్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, ఇదంతా కలిపిన దాని మీద 18 శాతం ఐజీఎస్టీ. అంతా కూడితే 44 శాతం దాక వచ్చింది. అంటే 2021ల నేను ఒకసారి ట్యాక్సులు కట్టి కొన్న నా సొంత సామానును మల్ల కొత్తగ దిగుమతి చేసుకున్నట్టు లెక్క.

ఇక్కడ చట్టం ఏందో చెప్పాలె, ఇది తెలువకనే మనం మునుగుతం. 1962 కస్టమ్స్ చట్టంల 20వ సెక్షన్ అనేది ఉన్నది, ఇండియా నుంచి పోయిన సామాను వాపస్ వస్తే అది కొత్త దిగుమతి లెక్కనే డ్యూటీకి వస్తది అని. నీదే కదా, ఇక్కడి నుంచే పోయింది కదా అనే మాట సొంతంగ చెల్లదు. దానికి మినహాయింపు 2017 జూన్ 30న ఇచ్చిన 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ల ఉన్నది. రిపేర్‌కి పోయి వచ్చిన సామాను అయితే మొత్తం విలువ మీద కాదు, రిపేర్‌కి అయిన ఖర్చు, అందుల వాడిన పార్టుల ధర, పోను రాను కిరాయి, ఇన్సూరెన్స్, వీటి మీదనే డ్యూటీ. మూడేండ్ల లోపల తిరిగి రావాలె, అవసరమైతే ఇంకో రెండేండ్లు గడువు పెంచుతరు. పోయిన సామానే వచ్చింది అని రుజువు కావాలె, ఓనర్ మారొద్దు.

నా లెక్కకే పెట్టి చూడుండ్రి. రిపేర్ 286 యూరోలు, అప్పటి రేటుకు 25,900 దాక. పోయిన కిరాయి 9,400, వచ్చిన కిరాయి 7,800. మొత్తం 43,100. దీని మీద అదే 44 శాతం ఏసినా 19 వేల లోపు. నేను కట్టింది 69 వేలు.

మినహాయింపు ఇయ్యమని అడిగిన, మెయిళ్ళు పెట్టిన, జర్మనీ వాళ్ళ రిపేర్ బిల్లు, ఆర్ఎంఏ, నేను 2021ల కొన్న బిల్లు, అన్నీ పెట్టిన. వచ్చిన ప్రశ్న ఒక్కటే: పోయినప్పటి షిప్పింగ్ బిల్లు చూపియ్యిండ్రి, అందుల సీరియల్ నంబర్ ఏది? నా దగ్గరున్న కాగితంల యూజ్డ్ ఎలక్ట్రానిక్ ఐటమ్, ఒక పీసు, 5,000 అని ఉన్నది. 5,000ది పోయి లక్షన్నరది వచ్చింది, రెండూ ఒకటే అని ఎవరు నమ్మాలె? ఆ అడిగిన ఆఫీసర్‌ని నేను తప్పు పట్టను. ఆయన ముందట కాగితం ఉన్నది, ఆ కాగితం అబద్ధం చెప్తున్నది, ఆ అబద్ధం కింద సంతకం నాది. అప్పీల్ చేసుకునేతందుకు 60 రోజుల టైమ్ ఉంటది, కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి పోవచ్చు, పోయి ఏం చూపియ్యాలె? అదే కాగితం.

గోడౌన్ కిరాయి ఒక దిక్కు ఎక్కుతున్నది. ఇంకో భయం, 30 రోజుల లోపల విడిపిచ్చుకోని సామానును అమ్మేసేతందుకు చట్టంల 48వ సెక్షన్ కింద వీలున్నది, నోటీసు ఇచ్చే అమ్ముతరు గానీ ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. 28వ రోజు, మే 27న కట్టేసిన. డ్యూటీ 69,457, దాని మీద కొరియర్ వాళ్ళు మా తరఫున ముందుగ కట్టిన్రని అడ్వాన్స్ పేమెంట్ ఫీజు, స్టోరేజ్, క్లియరెన్స్ ఫీజు అని ఇంకో 3,900, మొత్తం 73,357. మే 31న ఇంటికొచ్చింది. మార్చి 11 నుంచి 81 రోజులు, అందుల రిపేర్ అయ్యింది తొమ్మిది రోజులు. ఆ నడుమ రెండు ఊర్ల ఒగ్గు కథలు పోయినయి, వేరేటోళ్ళ రికార్డర్ కిరాయికి తెచ్చి ఒకటి చేసిన. మా ఇంట్ల ఆమె మాత్రం ఒక్క మాట అనలే, చిట్టీ పైసలు తీసి ఇచ్చింది, అది ఇంకా బాధ.

ఇగ రెండోసారి. 2025 ఆగస్టుల జనగామ దిక్కు ఒక ఊర్ల రికార్డింగ్ నడుమ స్టాండు పడి కండెన్సర్ మైక్ కింద పడ్డది, లోపలి క్యాప్సూల్ పోయింది. లక్షా 40 వేల మైకు, అది కూడ అక్కడికే పోవాలె. ఈసారి కొరియర్ షాపుకు పోలే. కాజీపేటల డయాగ్నొస్టిక్ సెంటర్ నడిపే దోస్తు ఒకడు ఉన్నడు, వాడు మెషిన్ల బోర్డులు బయటికి పంపుతడు, వాడు హైదరాబాద్ల ఒక సీహెచ్ఏ నంబర్ ఇచ్చిండు. సీహెచ్ఏ అంటే కస్టమ్స్ కాగితాల పని చేసే లైసెన్స్ ఉన్న ఏజెంటు, ఇప్పుడు కస్టమ్స్ బ్రోకర్ అని రాస్తున్నరు గానీ అందరూ సీహెచ్ఏ అనే పిలుస్తరు. పెద్దాయన. ఫోన్ ఎత్తంగనే ఆయన అడిగిన మొదటి మాట, "తిరిగొస్తదా సార్, అక్కడనే ఉంటదా?"

నా 73 వేలు ఆ ఒక్క ప్రశ్నల ఉన్నయి. ఆ షాపుల ఎవరన్న ఈ ప్రశ్న అడిగి ఉంటే కథే వేరే ఉండేది.

ముందు ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేటోళ్ళకు ఇచ్చే కోడ్ నంబర్, తీయించిండు, స్టూడియో పేరు మీద, విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్ల 500 రూపాయలు, పాన్, బ్యాంకు అకౌంట్ ఉంటే చాలు, ఇంట్ల కూసొనే అయ్యింది. ఒక్కసారి తీసుకుంటే జీవితాంతం ఉంటది గానీ ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల ఒకసారి అప్‌డేట్ చెయ్యాలె, లేకుంటే ఆగిపోతది. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ లెటర్, అంటే విదేశీ లావాదేవీలు చూసే బ్యాంకు బ్రాంచి కోడ్ ఉన్న కాగితం, తెమ్మన్నడు, మా బ్రాంచిల దాని గురించి చెప్పేతందుకే నాలుగు రోజులు పట్టింది, ఫారెక్స్ డెస్క్ ఉన్న పెద్ద బ్రాంచికి పొమ్మన్నరు. తర్వాత మైకు పట్టుకొని నన్నే రమ్మన్నడు. హనుమకొండ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు, మల్ల అక్కడి నుంచి శంషాబాద్. మామునూరుకు ఎయిర్‌పోర్టు అనుమతి 2025 ఫిబ్రవరిల వచ్చింది, అది లేచి అక్కడ కార్గో కూడ మొదలైతే మన దిక్కోళ్ళకు సగం తిప్పలు తప్పుతయి, ఎప్పుడైతదో చూడాలె.

ఆయన ఆఫీసుల జరిగింది చెప్త, నాకు కండ్లల్ల ఉండిపోయింది. మైకు డబ్బాల నుంచి తీసి, అద్దాలు నెత్తి మీదికి జరుపుకొని, ఫోన్ టార్చి ఏసి, కింద రింగు మీద చెక్కిన నంబర్ చూసిండు. బట్ట తోటి తుడిచిండు. అందుల ఒక అక్షరం ఉన్నది, అది సున్నానా, ఇంగ్లీష్ ఓనా అని తేల్చేతందుకు పావుగంట చూసిండు, చివరికి నేను కొన్న పాత బిల్లు ఫోన్ల తీసి చూపిస్తే సున్నా అని తేలింది. "ఇక్కడ ఓ అని పడితే మీరు వచ్చినప్పుడు మల్ల కొట్లాడాలె సార్" అన్నడు. అట్లనే నాలుగు దిక్కుల ఫోటోలు, నంబర్ దగ్గరిగ ఒక ఫోటో, విరిగిన జాలి ఫోటో. ఇన్వాయిస్‌ల, ప్యాకింగ్ లిస్టుల, షిప్పింగ్ బిల్లుల, మూడింట్ల ఒక్కతీరు రాసిండు, ఏ మోడల్, ఏ సీరియల్ నంబర్, అసలు విలువ ఎంత, రిపేర్ చేసి తిరిగి తెచ్చేతందుకు పంపుతున్నం, దీనికి బయటి నుంచి పైసలు ఏం రావు, చూపిన విలువ కస్టమ్స్ కోసమే అని. శంషాబాద్ల ఎగ్జామినేషన్‌ల ఆఫీసర్లు కూడ ఆ నంబర్ చూసి రాసుకున్నరు. ఆ చూసి రాసుకున్నదే వాపస్ వచ్చినప్పుడు మనకు రక్ష.

ఇంకో మాట ఆయన చెప్పింది బంగారం లాంటిది. కంపెనీకి ముందే మెయిల్ పెట్టుమన్నడు, రిపేర్ కాకపోతే కొత్త పీసు పంపొద్దు, బాడీ మార్చొద్దు, నంబర్ అదే ఉండాలె అని. చాన కంపెనీలు మంచితనంగనే కొత్తది ఇచ్చేస్తయి, మనం సంబరపడతం, గానీ నంబర్ మారింది అంటే రిపేర్ అయ్యి వచ్చింది కాదు, కొత్త సామాను వచ్చింది, మొత్తం విలువ మీద డ్యూటీ. వారంటీల ఫ్రీగ చేసినా జీరో బిల్లు పెడితే నడవదు, పైసలు కట్టినా కట్టకున్నా ఆ రిపేర్‌కి న్యాయంగ ఎంత అయితదో అంత విలువ చూపియ్యాలె అని నోటిఫికేషన్లనే ఉన్నది. వారంటీ సామాను తిరిగి వచ్చే గడువు మూడేండ్ల నుంచి ఐదేండ్లకు 2024 జూలై బడ్జెట్ల పెంచిన్రు.

ఆగస్టు 18న పోయింది. రిపేర్ 210 యూరోలు. తిరిగి శంషాబాద్‌కే వచ్చేటట్టు ముందే మాట్లాడి పెట్టిండు, పోయిన పోర్టుకే వస్తే కాగితం దొరకవట్టుడు అలకగ ఉంటదని. వచ్చినంక ఒక క్వరీ పడ్డది, ఇప్పుడు ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ కదా, 2020 నుంచి, మన కాగితం ఇంకో ఊర్ల ఉన్న ఆఫీసర్ కంప్యూటర్ మీదికి పోతది, ఆయనెవరో మనకు తెలువది, మనమెవరో ఆయనకు తెలువది. రిపేర్ బిల్లుల పార్టు ధర విడిగ చూపియ్యమని అడిగిన్రు. బిల్లుల ఉన్నది, అదే రోజు పెట్టినం, తెల్లారి డ్యూటీ లెక్క వచ్చింది. పోను రాను కిరాయి 17,100, రిపేర్ 21,600 దాక, దాని మీద కట్టింది 14,500 చిల్లర. మొత్తం విలువ మీద పడి ఉంటే 50 వేలు దాటేది. సీహెచ్ఏ ఫీజు 6,500. సెప్టెంబర్ 29న మైకు నా చేతిల ఉన్నది, 42 రోజులు. నాలుగు రోజులు ఎక్కువ పట్టింది కూడ బ్యాంకు లెటర్ కాడనే, అది పంపేముందు, ఇందుల లెక్కకు రాదు.

ఆయనకు 5కి నాలుగున్నర ఇస్త. అర ఎందుకు తీసినంటే కిరాయిల ఇన్సూరెన్స్ కలిసిందా లేదా అని ముందు చెప్పలే, నేను అడిగితే అప్పుడు చేపిచ్చిండు. ఫోన్ ఎత్తుతడు, ఎత్తకపోతే రాత్రికన్న తిరిగి చేస్తడు, నాకు గదే కావాలె.

చిన్న సామానుకు ఇంత తతంగం ఎందుకు అనిపిస్తది, నిజమే, 10 వేల సామానుకు చెయ్యకుండ్రి, సీహెచ్ఏ ఫీజే సగం తింటది, దానికన్న ఇక్కడనే పాత పీసు కొని పార్టులు మార్చుకునుడు నయం. 50, 60 వేలు దాటినయి అయితేనే ఈ దారి. మన దిక్కు ఇంటికొకరు బయట ఉన్నరు, కరీంనగర్, జగిత్యాల దిక్కు గల్ఫ్ పోయెటోళ్ళు, వరంగల్ నుంచి అమెరికా పోయెటోళ్ళు, వాళ్ళ చేతికి ఇచ్చి పంపుదామని చానమంది అంటరు. పంపొచ్చు, గానీ పోయే రోజు ఎయిర్‌పోర్టుల చెక్-ఇన్ కాకముందే కస్టమ్స్ కౌంటర్‌కి పోయి, సామాను చూపిచ్చి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోమనుండ్రి, అందుల కూడ సీరియల్ నంబర్ ఉంటది. తిరిగొచ్చేటప్పుడు ఎవరు తీసుకపోయిన్రో వాళ్ళే తెచ్చేటట్టు చూసుకోవాలె. మా మ్యాన బావ తీసుకపోతా అన్నడు గానీ వాడు వచ్చేది రెండేండ్లకు, అందుకే నేను ఆ దారి పోలే.

మొన్న వేరే పని మీద ఆ పాత బుకింగ్ షాపుకే పోయిన, బిడ్డ కాలేజీ సర్టిఫికెట్లు పంపేది ఉండె. అదే పిలగాడు, అదే కౌంటర్. నా ముందట ఒకాయన నిలబడి ఉన్నడు, పెండ్లిళ్ళు షూట్ చేస్తడట, పరకాల దిక్కు. చేతిల డ్రోన్ డబ్బా. కెమెరా కదలకుండ పట్టే గింబల్ పోయింది, బయటికి రిపేర్‌కి పంపుతున్న అన్నడు. పిలగాడు టైప్ చేస్తున్నడు, యూజ్డ్ ఎలక్ట్రానిక్ ఐటమ్, ఒక పీసు.

నేను ఆగలేకపోయిన. అన్నా జర ఆగు అని, తిరిగొస్తదా అది అని అడిగిన. వస్తది కదా మరి అన్నడు. విదేశీ డ్రోన్‌ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరిలనే డీజీఎఫ్‌టీ నిషేధం పెట్టింది, ఇది డ్యూటీ కట్టి విడిపిచ్చుకునే కథ కాదు, పోతే మల్ల లోపలికి రానిస్తరో లేదో ముందు తేల్చుకోవాలె అని చెప్పిన. ఆయన నా మొకం చూసిండు, పిలగాని మొకం చూసిండు. పిలగాడు టైప్ చేసుడు ఆపిండు, నాకు తెలువది సార్ అన్నడు, నిజంగనే తెలువది వానికి, ఎవరూ చెప్పలేదు. నా ఫోన్ల సీహెచ్ఏ నంబర్ తీసి ఆయనకు ఇచ్చిన. డబ్బా సంకల పెట్టుకొని బయటికి పోయి మెట్ల మీదనే నిలబడి ఫోన్ కలుపుతున్నడు, నేను సర్టిఫికెట్ల కవర్ ఇచ్చి వచ్చేదాక ఇంకా మాట్లాడుతనే ఉన్నడు.